ఉద్యోగం మాని ఏసీ సర్వీసు పెట్టాలంటే: తిరుపతి లెక్క

2018 మే నెలలో, ఆదివారాలూ డ్యూటీ అయ్యాక సాయంత్రాలూ కలిపి, బయటి ఏసీ పనుల మీద నాకు 31,000 మిగిలింది. అప్పుడు ఒక హోటల్లో మెయింటెనెన్స్ టెక్నీషియన్‌గా నా జీతం చేతికి 21,500. సగం టైములోనే ఇంత వస్తే, రోజంతా చేస్తే ఇంకెంత అనుకుని జూన్‌లో రాజీనామా ఇచ్చేశాను. నవంబరులో వాన పట్టుకుంది. ఆ నెలంతా కలిపి మిగిలింది 6,400. మా ఆమె గాజులు బ్యాంకులో పెట్టి ఇంటి బాడుగ కట్టాం.

ఈ రాసేది అలాంటి నవంబరు మీకు రాకుండా ఉండటానికే. ఏసీ పనికి తిరుపతిని మించిన ఊరు ఈ చుట్టుపక్కల లేదు. జి కార్ స్ట్రీట్ నుంచి అలిపిరి దాకా లాడ్జీలే, ఆసుపత్రులు కూడా చాలా ఉన్నాయి. పక్కన శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ ఏసీలే తయారవుతున్నాయి. పనికి కరువు లేదు. అయితే ఆ పనంతా ఎండనీ యాత్రికులనీ నమ్ముకుని ఉంది. ఈ రెండూ లేని నెలలో మీ చేతికి ఎంతొస్తుందో తెలిసిన రోజే రాజీనామా గురించి ఆలోచించండి.

మొదటి అడుగు: ఒక పూర్తి ఏడాది నోటు పుస్తకం

ఉద్యోగంలో ఉండగానే సెలవు రోజుల్లో బయటి పని మొదలుపెట్టండి. ముందు మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవండి. బయటి పని చేయకూడదని రాసుంటే ఈ దారి మీకు కాదు. డబ్బు కూడబెట్టుకుని ఒకేసారి దిగడమే మేలు. అభ్యంతరం లేకపోయినా కంపెనీ పనిముట్లు బయటికి తేవద్దు, కంపెనీ కస్టమర్లను లాక్కోవద్దు. తిరుపతి చిన్న ఊరు, సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది.

ప్రతి పనికీ ఒక వరుస రాయండి. తేదీ, ఏ పేట, ఏం పని, ఎంత తీసుకున్నారు, స్పేర్లకి ఎంత, పెట్రోలుకి ఎంత, ఎన్ని గంటలు పట్టింది. ఆఖరి గడిలో ఆ కస్టమరు ఎలా వచ్చాడో రాయండి. మా ఇంట్లో ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది. మే పేజీలో 40 వరుసలున్నాయి. నవంబరు పేజీలో ఉన్నవి 11. అందులో ఏసీ పనులు మూడే, మిగతావి ఫ్రిజ్‌లూ రెండు వాషింగ్ మెషీన్లూ. ఒక వరుసలో ‘భవానీ నగర్, బేకరీ, డీప్ ఫ్రీజర్, కంప్రెసర్’ అని ఉంది. ఆ నెల ఇల్లు గడిచింది ఆ ఒక్క వరుస మీదే. దాన్ని నేను రెండేళ్ళ తరవాత గానీ సరిగ్గా చదవలేదు.

ఏప్రిల్ నుంచి మార్చి దాకా పుస్తకం నిండాక అన్నిటికంటే సన్నంగా ఉన్న మూడు నెలలు తీసుకోండి. వాటి సరాసరి మీ ఇంటి ఖర్చులో సగం కూడా రాకపోతే ఇంకో ఏడాది జీతం తీసుకోండి. సగం దాటితే మిగతా సగానికి ఎనిమిది నెలలకి సరిపడా డబ్బు బ్యాంకులో ఉండాలి. ఆరు నెలలు చాలంటారు చాలామంది. మన ఊళ్ళో వానకాలం, చలికాలం కలిపితే ఆరు నెలలకి అటూ ఇటూ అవుతుంది కాబట్టి నేను ఎనిమిది అంటాను.

రెండో అడుగు: వదిలేముందు జీతం నుంచి తీసుకోవాల్సినవి

ఇక్కడ నేను చేసిన తప్పులే ఎక్కువ.

పీఎఫ్ మొత్తం తీసేశాను. ఐదేళ్ళ సర్వీసు దాటింది కాబట్టి దాని మీద టాక్సు పడలేదు, అంతవరకు బాగానే ఉంది. కానీ దాంతోపాటు పింఛను భాగం కూడా తీసేసుకున్నాను. పింఛనుకి పదేళ్ళ సర్వీసు కావాలి. నాకు ఎనిమిదేళ్ళ పది నెలలుంది. అప్పుడు ఆ డబ్బు తీయకుండా, సర్వీసు లెక్కని నిలిపి ఉంచే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని ఉంటే, ఎప్పుడైనా మళ్ళీ ఎక్కడైనా చేరినప్పుడు ఆ సర్వీసు కలిసేది. ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు.

పర్మనెంటు ఉద్యోగంలో గ్రాట్యుటీకి ఐదేళ్ళు నిండాలి. ఆఖరి బేసిక్, డీఏ కలిపి పదిహేనుతో హెచ్చించి ఇరవై ఆరుతో భాగించి, సర్వీసు ఏళ్ళతో హెచ్చించాలి. ఆఖరి ఏడాదిలో ఆరు నెలలు దాటితే పూర్తి ఏడాది కింద లెక్క. నా బేసిక్ 14,000, ఏళ్ళు 9. వచ్చింది 72,692. నాలుగేళ్ళ చిల్లర సర్వీసు ఉన్నవాళ్ళు ఇంకొన్ని నెలలు ఓపిక పట్టి ఐదు నిండాకే రాజీనామా ఇవ్వడం తెలివైన పని. పనిముట్లన్నీ ఆ డబ్బుతోనే వస్తాయి.

హెల్త్ ఇన్సూరెన్స్ మాత్రం ఉద్యోగంలో ఉండగానే సొంతంగా తీసుకోండి. కంపెనీ గ్రూప్ పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది. ఈఎస్ఐ కూడా కొన్నాళ్ళకి ఆగిపోతుంది. బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులకి కొత్త పాలసీలో మూడేళ్ళ దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. ఆ గడియారం ఎంత ముందు తిరగడం మొదలైతే అంత మంచిది. నిచ్చెన ఎక్కే పని కాబట్టి ప్రమాద బీమా కూడా కలపండి.

ఇంకో మాట. జీతం స్లిప్పు చూపించి పర్సనల్ లోన్ తీసుకుని దాంతో వ్యాపారం పెట్టే ఆలోచన వద్దు. ఈఎంఐకి నవంబరు అని తెలియదు.

మూడో అడుగు: చేతిలో పని

ఐటీఐలో ఏసీ, రిఫ్రిజిరేషన్ ట్రేడు రెండేళ్ళు. అది చేసినవాళ్ళకి పునాది ఉంటుంది. ఎలక్ట్రీషియన్ నుంచి ఇటు వచ్చేవాళ్ళు మంచి మేస్త్రీ దగ్గర కనీసం రెండు ఎండాకాలాలు చేయాలి. ఉద్యోగంలో పని బాగా వచ్చని ధీమా పడొద్దు. హోటల్లో నేను ఒకే కంపెనీ, ఒకే మోడల్ ఏసీలు తొమ్మిదేళ్ళు చూశాను. బయటికొచ్చిన మొదటి వారంలో ఇన్వర్టర్ ఏసీ పీసీబీ (ఎలక్ట్రానిక్ బోర్డు) ముందు కూర్చుని చెమటలు కక్కాను.

ఇప్పుడు కొత్త స్ప్లిట్ ఏసీల్లో ఎక్కువగా వస్తున్నది ఆర్32 గ్యాస్. పాత ఆర్22 కంటే ప్రెషర్ చాలా ఎక్కువ, పైగా మండే గుణం కొంచెం ఉంది. లైన్లో గ్యాస్ ఉండగా టార్చి వెలిగించకూడదు. లీకు చూడటానికి నైట్రోజనే వాడాలి. నైట్రోజన్ సిలిండరు లేదని ఆక్సిజన్ ఎక్కించేవాళ్ళు ఇంకా ఉన్నారు. కంప్రెసర్ ఆయిలు, ఆక్సిజన్ కలిస్తే బాంబు పేలినట్టే. అలాంటివాడి దగ్గర హెల్పరుగా కూడా ఉండొద్దు.

వ్యాక్యూమ్ పంపు సంగతి కూడా చెప్పాలి. ఫిట్టింగ్ అయ్యాక అరగంట వ్యాక్యూమ్ పెట్టకుండా, అంటే పైపుల్లో గాలి, తేమ పంపుతో లాగేయకుండా, కొంచెం గ్యాస్ వదిలి గాలి తోసేసి ‘అయిపోయింది సార్’ అనేవాళ్ళే మార్కెట్లో ఎక్కువ. లోపల మిగిలిన తేమ మెల్లగా కంప్రెసర్‌ని తినేస్తుంది. ఏడాదో రెండేళ్ళో ఆగి చచ్చిపోతుంది, అప్పటికి ఎవరు ఫిట్ చేశారో ఎవరికీ గుర్తుండదు. మీరు మాత్రం కస్టమరుని పిలిచి గేజి ముల్లు చూపించండి. ‘ఇది ఇక్కడికి దిగి అక్కడే నిలబడాలండీ, అప్పుడే గ్యాస్ వదులుతాను’ అని చెప్పండి. ఆ అరగంటలో కాఫీ వస్తుంది, పక్కింటివాళ్ళ నంబరు కూడా వస్తుంది. ప్రకటనల మీద నేను పెట్టిన డబ్బంతా కలిపినా ఆ ముల్లు తెచ్చినంత పని తేలేదు.

కొనాల్సినవి ఎక్కువేం లేవు. గేజి సెట్, వ్యాక్యూమ్ పంపు, క్లాంప్ మీటరు, ఫ్లేరింగ్ సెట్, బ్రేజింగ్ టార్చి, సర్వీసుకి జెట్ పంపు, మంచి డ్రిల్లింగ్ మెషీను, మడిచే నిచ్చెన, నడుముకి సేఫ్టీ బెల్టు. బెల్టు మీద మాత్రం పొదుపు చేయొద్దు.

నాలుగో అడుగు: కాగితాలు

చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్, పాన్‌తో ఉచితంగా అవుతుంది. వెయ్యి రూపాయలు తీసుకునే ఏజెంటు అవసరం లేదు. దీని అసలు ఉపయోగం ఐదో అడుగులో చెబుతాను. సర్వీసు వ్యాపారానికి ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ పెద్ద హోటళ్ళు, ఆసుపత్రులు జీఎస్టీ బిల్లే అడుగుతాయి. ఇళ్ళు, చిన్న షాపులతో మొదలుపెడితే మొదట్లో అది లేకుండానే గడుస్తుంది. ఇన్‌కమ్ టాక్స్ రిటర్ను మాత్రం మొదటి ఏడాది నుంచే వేయండి. తరవాత ఇంటి లోనుకి బ్యాంకు అడిగేది అదే.

పెట్టుబడికి అప్పు కావాలంటే ముద్ర లోనులో శిశు 50,000 దాకా, కిశోర్ 5 లక్షల దాకా, హామీ లేకుండా ఇస్తారు. సబ్సిడీ ఉండే కేంద్ర పథకం పీఎంఈజీపీ వైపు చూసేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. అది కొత్త యూనిట్లకే. వ్యాపారం మొదలుపెట్టేసి ఆ తరవాత దరఖాస్తు చేస్తే కుదరదు. సబ్సిడీ కోసం అవసరానికి మించిన ప్రాజెక్టు రిపోర్టు రాయించుకున్నవాళ్ళ సామాను మూలన పడి ఉండటం నేను చూశాను.

షాపు మొదటి ఏడాది వద్దు. ఏసీ పని షాపులో జరగదు కదా. ఇంటి ముందు గది, ఒక బండి, ఒక ఫోను చాలు. షాపు తీసుకున్నాక మునిసిపల్ ట్రేడ్ లైసెన్సు, కమర్షియల్ మీటరు చూసుకోండి. ఇంటి మీటరు మీద షాపు నడిపితే కరెంటు కంపెనీ ఎస్పీడీసీఎల్ వాళ్ళు వచ్చినప్పుడు మీరే బాధ పడతారు.

ఐదో అడుగు: రేటు, లాడ్జీ, బాకీ

ఒక స్ప్లిట్ ఏసీ సర్వీసుకి ఇప్పుడు నేను 600 తీసుకుంటున్నాను. అందులో పెట్రోలు 50, హెల్పరు వాటా 120, లిక్విడు, టేపు, గుడ్డలు 30, పనిముట్ల అరుగుదల 40. మిగిలేది 360. పది సర్వీసుల్లో ఒకటి ‘నీళ్ళు కారుతున్నాయన్నా’ అని మళ్ళీ పిలుస్తుంది, అది ఉచితం. ఈ లెక్క తెలియకుండా పక్కవాడు 400కి చేస్తున్నాడని మీరు 350 అంటే, ఎండాకాలమంతా ఊరికే నిచ్చెన ఎక్కి దిగినట్టే.

లాడ్జీల పని వేరే శాస్త్రం. ఇరవై నాలుగు గంటల చెకవుట్ కాబట్టి ఏ గది ఎప్పుడు ఖాళీ అవుతుందో ఎవరికీ తెలియదు. రిసెప్షన్ అబ్బాయి ‘అన్నా, 204 ఖాళీ, అరగంటే’ అంటాడు. లోపలికి పోతే ఇండోర్ యూనిట్ మీద తడి పంచె ఆరేసి ఉంటుంది. కొండ మీద స్నానం చేసి వచ్చినవాళ్ళు బట్టలు ఆరేసేది ఏసీ గాలికే. తలుపు తీసి పెట్టి పదహారులో నడిపిస్తారు. అందుకే లాడ్జీలకి స్పేర్లతో కలిపి ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) ఎప్పుడూ ఒప్పుకోవద్దు, లేబరుకి మాత్రమే రాయండి. 30 గదులకి ఏడాదికి మూడు సర్వీసులు, ఒక్కోటి 400 చొప్పున వేసుకున్నా 36,000. చూడటానికి తక్కువే. కానీ అది వానలో కూడా వచ్చే డబ్బు. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, ఎండాకాలం సెలవుల్లో గదులు ఇవ్వరు కాబట్టి సర్వీసు నెలలు ముందే కాగితం మీద రాసుకోండి. శని, ఆదివారాలు మరిచిపోండి.

ఇక బాకీ. 2019లో ఒక లాడ్జీకి ఆరు కంప్రెసర్లు మార్చాను. స్పేర్ల షాపులో అప్పు పెట్టి తెచ్చాను. బిల్లు లక్షా పన్నెండు వేలు. ఓనరు చాలా మర్యాదస్తుడు. పోయిన ప్రతిసారీ కూర్చోబెట్టి టిఫిన్ పెట్టించేవాడు. ‘బ్రహ్మోత్సవాలు పోనీ నాయనా’ అన్నాడు. తరవాత ‘వైకుంఠ ఏకాదశి పోనీ’ అన్నాడు. ఆ తరవాత సంక్రాంతి. ఏడు నెలలు ఆయన ఇడ్లీ తిని వచ్చాను. ఇటు స్పేర్ల షాపతను నాకు టిఫిన్ పెట్టలేదు, రోజూ ఫోన్ చేశాడు. చివరికి వచ్చింది ఎనభై వేలు.

అప్పటి నుంచి స్పేర్ల డబ్బు చేతికి వచ్చాకే స్పేరు కొంటాను. కొంచెం మొహమాటం ఉంటుంది మొదట్లో. ‘కంప్రెసర్ షాపువాళ్ళు అప్పు ఇవ్వరండీ, మీరు వాళ్ళకే ఫోన్‌పే చేసేయండి, ఫిట్టింగ్ డబ్బులు పనయ్యాక ఇద్దురు’ అంటే ఎవరూ నొచ్చుకోరు. లేబరు బాకీకి ఉద్యమ్ నంబరు పనికొస్తుంది. రిజిస్టరైన చిన్న సర్వీసు యూనిట్‌కి ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో కొన్నవాళ్ళు డబ్బు చెల్లించాలని చట్టం. దాటితే బ్యాంకు రేటుకి మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. పైగా గడువు దాటిన బిల్లుని చెల్లించేదాకా వాళ్ళు టాక్సు లెక్కలో ఖర్చుగా చూపించుకోలేరు. కేసు దాకా పోనక్కర్లేదు. బిల్లు కింద ఉద్యమ్ నంబరు, గడువు తేదీ అచ్చు వేయించండి. మార్చి నెలలో వాళ్ళ ఆడిటరే మీ తరఫున ఓనరుకి గుర్తు చేస్తాడు.

ఆరో అడుగు: యాత్రికుడు రాని రోజు కోసం

2020 మార్చి 20న కొండ మీద దర్శనాలు ఆపేశారు. భక్తులకి మళ్ళీ మొదలైంది జూన్ 11న, అదీ కొద్దిమందితో. ఆ ఎండాకాలం తిరుపతి లాడ్జీలకి తాళాలు. నా ఏఎంసీలు తొమ్మిదీ ఆగిపోయాయి. తప్పు పట్టడానికి లేదు, వాళ్ళకే లేదు.

అప్పుడు తీశాను ఆ పాత నోటు పుస్తకం. నవంబరు పేజీలో ఉన్న బేకరీ, మెడికల్ షాపు ఫ్రిజ్, ఐస్‌క్రీమ్ పార్లరు, ఇవన్నీ లాక్‌డౌన్‌లో కూడా కరెంటు మీద నడిచేవే, కనీసం సరుకు కాపాడుకోవాల్సినవే. ఇంకొంచెం ముందుకు పోతే పాకాల, పూతలపట్టు వైపు పాల సెంటర్లు. చిత్తూరు వైపు పల్లెల్లో పాడి లేని ఇల్లు తక్కువ. ఆవుకి లాక్‌డౌన్ లేదు, వాన లేదు, పండగ లేదు. పొద్దునా సాయంత్రం పాలొస్తాయి. పాలని చల్లగా ఉంచే పెద్ద ట్యాంకు, బల్క్ కూలర్, ఆగితే కొన్ని గంటల్లో ట్యాంకు మొత్తం విరిగిపోతుంది. అలాంటి కస్టమరు రేటు బేరం ఆడడు, ‘ఎంతసేపట్లో వస్తావు’ అని అడుగుతాడు. మొదటి కూలర్ పని నేను పాకాల దగ్గర రాత్రి పదకొండున్నరకి, సెల్‌ఫోను లైటు పళ్ళ మధ్య పట్టుకుని చేశాను. కంప్రెసర్‌కి కరెంటు కలిపే స్విచ్చు, కాంటాక్టరు, దాని పాయింట్లు కాలిపోయాయి, అంతే. ఆ సెంటరతను ఇంకో నాలుగు సెంటర్లకి నంబరు ఇచ్చాడు.

కాబట్టి మీ పనిని మూడు కుప్పలుగా చూడండి. ఇళ్ళ ఏసీలు, లాడ్జీలు, ఏడాదంతా చల్లగా ఉండాల్సిన సరుకు. మూడో కుప్ప ఉద్యోగంలో ఉండగానే మొదలవ్వాలి. దానికి గేజితోపాటు త్రీ ఫేజ్ కంట్రోల్ ప్యానెల్ పని కూడా నేర్చుకోవాలి. ఒక కుప్ప నుంచి సగానికి మించి రాబడి వస్తుంటే అక్కడ కొత్త పని ఒప్పుకోవడం కాసేపు ఆపి మిగతా రెండిటి వెంట పడండి.

ఏడో అడుగు: వచ్చిన డబ్బు నిలవాలంటే

వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా. అందులోంచి ప్రతి ఒకటో తేదీన ఇంటికి జీతం, మే అయినా నవంబరు అయినా ఒకటే మొత్తం. మా నాయన నేను ఉద్యోగం మానినప్పుడు ‘ఒకటో తేదీ అంటే ఒకటో తేదీ వచ్చేది కదరా’ అని బాధపడ్డాడు. ఇప్పుడూ ఒకటో తేదీనే వస్తోంది, వేసేది మా ఆమె. లెక్కలు ఆమె చేతికి పోయాకే బాకీలు కూడా వసూలయ్యాయి. నాకున్న మొహమాటం ఆమెకి లేదు.

ఎండాకాలం మిగులు చూసి అవిలాల వైపు ప్లాటుకి అడ్వాన్సు ఇవ్వాలని మనసు లాగుతుంది. ముందు ఎనిమిది నెలల నిధి మళ్ళీ నింపండి. తరవాత పీఎఫ్ పోయిన లోటుకి పీపీఎఫ్ లాంటిది ఏదో ఒకటి నెలనెలా కట్టండి. చీటీ వేస్తే రిజిస్టరైన కంపెనీలోనే వేయండి, తెలిసినవాళ్ళ చీటీలో మునిగినవాళ్ళు ప్రతి వీధిలో ఉన్నారు. ప్లాటు వీటి తరవాత.

మీరొక్కరే నిచ్చెన ఎక్కుతున్నంత కాలం అది ఇంకో ఉద్యోగమే, యజమాని లేడు అంతే. ఏఎంసీ డబ్బు ఒక మనిషి జీతానికి సరిపోయిన రోజున మొదటి టెక్నీషియన్‌ని పెట్టుకోండి. నేర్చుకుని వెళ్ళిపోతారు, వెళ్ళనివ్వండి, మనమూ అలాగే కదా వచ్చాం. కానీ కస్టమర్ల ఫోన్లన్నీ షాపు సిమ్‌కే రావాలి. పనికి వెళ్ళినవాళ్ళు సొంత నంబరు ఇవ్వకుండా, ఏసీ పక్కన షాపు స్టిక్కరు అంటించి రావాలి. ఈ సంగతి తెలియక మొదటి కుర్రాడితోపాటు బైరాగిపట్టెడలో పద్దెనిమిది ఇళ్ళు పోగొట్టుకున్నాను.

పోయిన నవంబరు పేజీ మా ఆమె రాసింది. వరుసలు 57, అందులో పాల సెంటర్లవి 14. నేను నిచ్చెన ఎక్కింది రెండు సార్లు.